షోకేసులో ఒక మొఖం

మెదక్ బజార్ల మా మేనమామకు ఫొటో స్టూడియో ఉండె. నేను మెట్రిక్ పాసై, నౌకరి దొరకక ఊరికె తిరుగుతుంటె మా అమ్మ నన్ను తీస్కపోయి ఆయన దగ్గర ఇడిసిపెట్టి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ అయి కొన్నేండ్లే అయింది అప్పటికి. దుకాండ్ల బోర్డుల మీద ఉర్దూ, తెలుగు రెండూ ఉండేటివి. మా బోర్డు మీద మాత్రం అక్షరాల కంటె పెద్దగ ఒక కెమెరా బొమ్మ ఉండె. సదువు రానోళ్లే మనకు ఎక్కువ గిరాకి అని మామ గట్ల రాయించిండు.

స్టూడియో అంటె పెద్దగ ఏం లేదు. ముందల చిన్న అర్ర. అండ్ల ఒక బల్ల, గోడకు అద్దం, దారం కట్టి వేలాడదీసిన దువ్వెన, పౌడర్ డబ్బ. బజారు దిక్కు అద్దాల షోకేసు. దాంట్ల మంచిగ వచ్చిన ఫొటోలు పెట్టేటోళ్లం. లోపలి అర్ర పొడుగ్గ ఉండె. ఉత్తరం దిక్కు పైకప్పు తీసేసి మామ అద్దాలు ఏపిచ్చిండు. పొద్దంత మెత్తటి ఎలుగు వచ్చేది. ఎనక గోడకు ఒక పరదా. సినిమా బోర్డులు రాసే ఒకాయనతోని రాయించింది. రాజమహల్ మెట్లు, మెట్ల కింద చెరువు, చెరువుల రెండు హంసలు. ఒక హంస మెడ జర వంకర వచ్చింది. గా హంస కనవడకుండ మనుషులను నిలవెట్టుడు నేను నేర్చుకున్న మొదటి పని.

మామ దగ్గర ఒక నల్లకోటు ఉండె. మెదక్ల ఎందరు మొగోళ్లు గా కోటు తొడుక్కొని ఫొటో దిగిండ్రో చెప్పలేను. బక్కోళ్లకైతె ఎనక పిన్నులు పెట్టి బిగిచ్చేటోళ్లం. లావోళ్లకైతె గుండీలు ఇడిసిపెట్టి, చెయ్యి అడ్డం పెట్టుకొమ్మనేటోళ్లం. పొలం నుంచి సీద వచ్చినాయన గూడ ఫొటోల తాసీల్దారు లెక్క కనవడేది.

అసలు పని ఫొటో దింపినంక ఉండేది. దాన్ని టచింగ్ అంటరు. నెగటివ్‌ను అద్దపు బల్ల మీద పెట్టి, కింద ఇంకొక అద్దంతోని ఎలుగు పడేటట్టు చేసి, సూది లెక్క చెక్కిన పెన్సిల్‌తోని మొఖం మీద మచ్చలు పూడ్చాలె. ఆ కాలంల అమ్మవారు పోసిన గుంతలు లేని మొఖం పది మందిల ఒకటో రెండో కనవడేది. మామ కండ్లజోడు ముక్కు మీదికి జార్చుకొని గంటలు గంటలు ఒక్కొక్క గుంత పూడ్చెటోడు. ముసలోళ్ల గీతలు తగ్గిచ్చెటోడు. నల్లగున్నోళ్లను జర తెల్లగ చేసెటోడు.

"మనిషిని మనిషి లెక్క చూపెట్టాలె రా అల్లుడా," అనెటోడు. "ఇంట్ల ఎట్లుంటడో గట్ల గాదు, పెండ్లికి పోయినప్పుడు ఎట్లుంటడో గట్ల."

నాకు గా పని మస్తు నచ్చింది. ఏడాది తిరిగెటాల్లకు నా చెయ్యి గూడ కుదిరింది. గిరాకీలు వాళ్ల ఫొటో వాళ్లే చూసుకొని మురుస్తుంటె నేను మామ ఎనక నిలవడి మురిసెటోన్ని.

ఒక ఎండకాలం, బజారంత ఖాళీగ ఉన్న మిట్టమధ్యాహ్నం, ఒకాయన వచ్చి దర్వాజ కాడ నిలవడ్డడు. నెత్తిని, మొఖాన్ని కలిపి తువ్వాల చుట్టుకున్నడు. ఎడమ కన్ను ఒక్కటే బయటికి కనవడ్తుంది. నాకు ఆయన ఎరుకే. ఊరందరికి ఎరుకే. దవాఖానల చెట్లకు నీళ్లు పోసే పని చేస్తడు. ఎప్పుడో ఎలుగుబంటి మొఖం చీరేసిందని చెప్పుకునేటోళ్లు. ఆయన బజార్ల నడిస్తె పిల్లలు "ఎలుగొచ్చె, ఎలుగొచ్చె" అని ఉరికేటోళ్లు. దెబ్బ తిన్నది ఆయన, పేరు మాత్రం ఎలుగుది పెట్టిండ్రు.

"సేట్, ఫొటో తీస్తరా?" అని అడిగిండు.

"ఎవరికి?"

"నాకే."

మామ నా దిక్కు చూసిండు. నేను మామ దిక్కు చూసిన. "రా, లోపలికి రా. కూసో," అన్నడు మామ.

పై పెదవి లేకపోబట్టి ప, బ, మ అనే అక్షరాలు ఆయన నోట్ల పలికేటివి కావు. గాలి ఎక్కువ వచ్చేది. అయిన ఆయన మాటలను నేను మామూలుగనే రాస్తున్న. కొన్ని దినాలకు మా చెవులకు గట్లనే వినవడ్డయి మరి.

ఆయనది నర్సాపూర్ అడివి అంచుకు ఉన్న పల్లె. పెండ్లయి, బిడ్డ పుట్టి, ఆ పిల్ల ఇంకా పాకుతున్న ఏడు. ఇప్పపువ్వు రాలే కాలం. పొద్దుగాల్నే గంప పట్టుకొని అడివికి పోయిండు. చెట్టు కింద వంగి పువ్వు ఏరుకుంటుంటె, మొద్దుకు అవుతలి దిక్కు ఎలుగుబంటి గూడ అదే పువ్వు తింటుంది. ఇద్దరు ఒకరినొకరు చూసుకోలేదు.

"అది గూడ నా లెక్కనే పువ్వు కోసం వచ్చింది సేట్," అన్నడు. "తల లేపెటాల్లకు ఎదురెదురు ఉన్నం. దాన్ని చూసి నేను బెదిరిన, నన్ను చూసి అది బెదిరింది. అది ముందుగాల చెయ్యి లేపింది."

కుడి కన్ను పోయింది. ముక్కు పోయింది. పై పెదవి, కుడి చెంప పోయినయి. ఊరోళ్లు ఎడ్లబండ్ల మెదక్ దవాఖానకు తెచ్చిండ్రు. డాక్టర్లు పానం నిలవెట్టిండ్రు. మానినంక ఇంటికి పోతె, పాకుకుంట వచ్చిన బిడ్డ తండ్రిని చూసి కెవ్వున అరిచి, జరం పట్టిందట. అది తగ్గెటాల్లకు ఆయన మళ్ల దవాఖానకు వచ్చి, ఏదన్న పనియ్యుండ్రి అని అడిగి చెట్ల కాడ కుదిరిండు. మళ్ల ఇంటి మొఖం చూడలేదు. భార్య తల్లిగారిల్లు అల్లాదుర్గ్ దిక్కు. ఆమె బిడ్డను తీస్కొని అక్కడికి పోయింది. వీలైనప్పుడల్ల మెదక్ వచ్చి ఆయనను చూసి పోతుంటది.

"ఇప్పుడు ఫొటో ఎందుకే?" అన్నడు మామ.

"బిడ్డ పెద్దగైంది. మంచిగ సదువుకున్నది. టీచరు ట్రైనింగుకు గీ ఊరికే వస్తుంది. ఆస్టల్ల ఉంటదట."

"మంచిదే గద!"

"మంచిదే. గని గీ ఊర్లెనే ఉంటె నన్ను చూడాలని వస్తది. రావద్దు సేట్." తువ్వాల కొస చేతుల పట్టుకొని మెలిపెట్టుకుంట కూసున్నడు. "ముందుగల్ల నేను ఎట్లుంటినో గట్ల ఒక ఫొటో చేసియ్యుండ్రి. మా నాయిన గిట్లుంటడు అని దగ్గర పెట్టుకుంటది. ఇగ నన్ను చూడాల్నని అనుకోదు."

మామ కండ్లజోడు తీసి పంచెతోని తుడుచుకున్నడు. చానసేపు తుడిచిండు. "పాత ఫొటో ఏదన్న ఉన్నదా?" అని అడిగిండు.

"అడివి కాడ ఉన్నోనికి ఫొటో ఎక్కడిది?"

మామ లేచి బజారు దర్వాజ మూసిండు. లోపల ఆయనను కుర్చీల కూసోబెట్టి, "ఇగ తియ్యి," అన్నడు. నేను కెమెరా ఎనక నల్లబట్టల తలకాయ దూర్చిన. పెద్ద కెమెరాల మనిషి తలకిందులు కనవడ్తడు. ఆయన తువ్వాల తీసిన మొఖాన్ని నేను మొదలు చూసింది గట్లనే, తలకిందులుగ, అరచేతంత అద్దం మీద. గడ్డం పైన, నొసలు కింద. నడుమ ఏవో గుంతలు, ముడతలు, నీడలు. భయం కాలేదు. పొలం గట్లు లెక్క అనిపిచ్చింది. బట్టలకెల్లి తలకాయ బయటికి తీసి చూసినప్పుడు మాత్రం నా అడుగు ఒకటి ఎన్కకు పడ్డది. ఆయన అది చూసిండు, చూడనట్టు నేల దిక్కు తలకాయ తిప్పుకున్నడు.

మామకు ఒక ఉపాయం తట్టింది. ఎడమ దిక్కు మొఖం మంచిగనే ఉన్నది. నెగటివ్‌ను సీదగ పెట్టి ఒక ప్రింటు, తిరగేసి ఇంకొక ప్రింటు వేస్తె రెండు సగాలు వస్తయి. వాటిని నడుమకు కోసి అతికిస్తె పూర తలకాయ అయితది. మిగిలింది ముక్కు, పెదవి. వాటిని గీసి, మళ్ల ఫొటో తీసి, దాని మీద టచింగ్ చెయ్యాలె. నేను, మామ చాన దినాలు దాని మీదనే కూసున్నం. పెన్సిల్ నేనే పట్టిన. ముక్కు నాకు ఎంతకూ కుదరకపోతె మామ ఒక పాత ఫొటో తెచ్చి ముందట పెట్టి, "దీన్ని చూసి గియ్యి," అన్నడు. ఎవరిదో ఏమో అని నేను అడగలేదు.

ఆఖరికి తయారైంది. నల్లకోటు గూడ గీసినం. నున్నటి మొఖం, రెండు ఒక్క తీరు కండ్లు, నిటారు ముక్కు. అసొంటి పని నేను అంతకుముందు చేసి ఉండలేదు. గని ఎంతసేపు చూసిన ఏదో తక్కువున్నట్టె అనిపిచ్చేది. క్యాలెండర్ల దేవుని బొమ్మ లెక్క ఉంది. ఆ కండ్లు మన దిక్కే చూస్తున్నయి, గని మనల్ని చూస్తలేవు. టచింగ్ ఇంక జర చెయ్యాల్నేమో అనుకొని చేస్తె ఇంకింత బొమ్మయింది.

ఆయన చూసి సంతోషపడ్డడు. "గిట్లనే, గిట్లనే ఉంటుంటి," అన్నడు. అయినా భార్య వచ్చి చూడాలె, ఆమెకు చూపెట్టే తీస్కపోత అన్నడు.

ఆమె ఆ వారమే వచ్చింది. పొట్టిగ, గట్టిగ ఉన్న మనిషి. నడుముకు కొంగు చెక్కుకొని, ఫొటోను ఎలుగుకు పట్టి చూసింది.

"గిదెవ్వరన్నా?"

"మీ ఆయనే చెల్లె. ముందుగల్ల ఎట్లుండెనో గట్ల చేసినం."

"మా ఆయన గింత సాఫుగ ఎన్నడున్నడు?" అని మళ్ల చూసింది. ఫొటో దిక్కు చూసింది, మామ దిక్కు చూసింది. "అన్నా, ఈ ముక్కు నీది గద!"

నేను గప్పుడు చూసిన. నిజమే. మామ తన సొంత ఫొటోనే నా ముందట పెట్టిండు. మామ ముక్కు తడుముకున్నడు. మొదలు నాకే నవ్వు వచ్చింది, ఎన్క ఆమె నవ్వింది, ఆఖరుకు మామ గూడ నవ్విండు.

"ఈయన ముక్కు చిన్నగ, మొద్దుగ ఉండె," అన్నది ఆమె. "గాలిపటం కోసం గోడెక్కి కింద పడితె చిన్నప్పుడే అది పక్కకు ఒంగిందట. కనుబొమ్మ ఒకటి మీదికి ఉండె. ఎవరన్న అబద్ధం చెప్తె అది ఇంకింత మీదికి పోతుండె. మా అవ్వ ఆ కనుబొమ్మకే భయపడేది. ఇగ నవ్వితెనా, ఒక్క దిక్కే నవ్వేటోడు. కుడి దిక్కు. మీరు ఎడమ దిక్కు తీస్కొని రెండు చేసిండ్రు. నవ్వు లేని దిక్కే రెండు సార్లు వచ్చింది గిండ్ల."

ఆమె చెప్పుకుంటనే పోతుంది. పెండ్లినాడు తలంబ్రాలు ఆమె కంట్ల పడేటట్టు పోసిండట ఆయన. బిడ్డ పుట్టినప్పుడు ఎత్తుకోరాక, గంప పట్టుకున్నట్టు పట్టుకున్నడట. తువ్వాల లోపల నుంచి ఒక చప్పుడు వచ్చింది. ఏడుస్తుండేమో అనుకొని నేను తల తిప్పుకోవోతుంటె ఆమె నా చెయ్యి గుంజింది.

"చూడు అయ్యా, కన్ను చూడు. నవ్వుతుండు."

ఆ ఒక్క కన్ను సగం మూసుకపోయి, అంచుకు ముడతలు పడి, అండ్ల నీళ్లు మెరుస్తున్నయి. ఆయన నవ్వుతుండు.

అయిన ఆయన తన పంతం ఇడువలేదు. "నీకేం తెలుసు, బిడ్డకు గిదే ఇయ్యాలె," అన్నడు. ఆమె, "ముందు బిడ్డను రానీ, ఆమెనే చెప్తది," అన్నది. ఫొటో మా దగ్గరనే ఉండిపోయింది.

వానలు పడ్డంక ఒక ఆదివారం ఆమె బిడ్డను తీస్కొని వచ్చింది. ఆ అమ్మాయి ట్రైనింగుల చేరి కొన్ని వారాలయింది. రెండు జడలు, ఇస్త్రీ చేసిన లంగావోణి, చేతుల గొడుగు. తల్లి మామతోని, "ఆయనను పిలిపియ్యన్నా. మేమున్నమని చెప్పొద్దు," అన్నది. నేను దవాఖానకు పోయి ఫొటో తీస్కపోదువు రమ్మన్నడు మామ అని చెప్పిన. ఆయన నా ఎంబడే వచ్చిండు. లోపలి అర్రల అడుగు పెట్టి, బిడ్డను చూసి, ఎన్కకు తిరిగిండు. దర్వాజ కాడ భార్య నిలవడి ఉంది.

ఎవరు ఏం అనకముందె మామ ఆ ఫొటో తీసి అమ్మాయి చేతుల పెట్టిండు. "మీ నాయిన చేపిచ్చిండు బిడ్డా, నీ కోసం."

అమ్మాయి మర్యాదగ చూసింది. "మంచిగుంది కాకా," అన్నది. "ఎవరిది?"

"మీ నాయినదే."

"కాదు. మా నాయినను నేను చూసిన."

తువ్వాల లోపల నుంచి మెల్లగ మాట వచ్చింది. "ఎప్పుడు చూసినవ్?"

"ఆస్టలుకు వచ్చిన వారమే. దవాఖాన గేటు కాడికి వచ్చి నిలవడ్డ. నువ్వు బాయి కాడ తువ్వాల తీసి చెమట తుడుసుకుంటున్నవ్." అమ్మాయి గొడుగును ఇంకొక చేతిలకు మార్చుకున్నది. "ఆనాడు ఉరికి పోయిన నాయినా. అబద్ధమెందుకు. అన్నం గూడ తినలే. మళ్ల ఆదివారం వచ్చిన. జరసేపు నిలవడ్డ. మళ్ల వచ్చిన. మొదట్ల పోయిన కన్నే కనవడేది, పోయిన ముక్కే కనవడేది. చూసుకుంట చూసుకుంట ఉంటె నువ్వు కనవడ్డవ్. చెట్లతోని మాట్లాడుకుంట నీళ్లు పోస్తవ్ గద నువ్వు. ఆ మందారచెట్టును తిడ్తవ్ గద, పువ్వు పూస్తలేదని."

"అది దొంగ చెట్టు," అన్నడు ఆయన.

"తనివితీర చూసినంకనే నీ ముందటికి రావాలె అనుకున్న. నీ ముందట ఏడ్వొద్దని."

ఆమె గాయింత చెప్పి, తనే ఏడ్చింది. ఆయన కుర్చీల కూలబడ్డడు. తువ్వాలను ఎవరు గుంజలేదు. బిడ్డ పోయి పక్కకు నిలవడ్డది, గంతే. కొంతసేపటికి ఆయనే ముడి ఇప్పి, తువ్వాలను తొడ మీద పెట్టుకొని, మడత మీద మడత పెట్టుకుంట కూసున్నడు. తల మాత్రం లేపలేదు. భార్య వచ్చి, "బిడ్డ నా అంత పొడుగైంది, చూడవా?" అన్నది. అప్పుడు లేపిండు.

మామ దగ్గిండు. మామకు ఏడుపొస్తె దగ్గుతడని నాకు ఎరుకే. "ఎలుగు మంచిగుంది. మబ్బు వచ్చెలోపట ముగ్గురు ఒక ఫొటో దిగుండ్రి," అన్నడు.

నేను అలవాటు చొప్పున కోటు తెచ్చిన. "గీ ఉక్కకు కోటెందుకయ్యా," అని భార్య పక్కకు పెట్టింది. అలవాటు చొప్పుననే ఆయన కుర్చీని జర తిప్పిన, మంచిగున్న ఎడమ దిక్కు ఎలుగుకు వచ్చేటట్టు, కుడి దిక్కు నీడల పోయేటట్టు. మామ వచ్చి కుర్చీని సీదగ పెట్టి పోయిండు. ఒక పక్క తల్లి, ఒక పక్క బిడ్డ. నల్లబట్ట కింద నుంచి చూస్తె ముగ్గురూ తలకిందులుగ, ఒకరినొకరు ఒరుసుకొని, కప్పుకు వేలాడుతున్నట్టున్నరు. "కదలొద్దు," అన్న. ఆయన గాలి పీల్చుకునే చప్పుడు వినవడ్డది. మీట నొక్కిన.

పోయేటప్పుడు అమ్మాయి మళ్ల ఎన్కకు వచ్చింది. మామను మెల్లగ అడిగింది.

"కాకా, టచింగ్ చేస్తరట గద?"

"చేస్తం బిడ్డా. గని దీనికి ఏం చెయ్యం. మీ నాయిన మొఖాన్ని ముట్టం."

"మా నాయినది ముట్టకుండ్రి." గదువ మీద వేలు పెట్టి చూపెట్టింది. "నాకు మాత్రం గీ మొటిమె తీసెయ్యుండ్రి. ఆస్టల్ల అందరు చూస్తరు."

మామ అంత గట్టిగ నవ్వుడు నేను ఎన్నడు వినలేదు. ఆ మొటిమెను నేనే తీసిన. మస్తు శ్రద్ధగ తీసిన.

ప్రింటు వచ్చినంక మామ దాన్ని బల్ల మీద పెట్టుకొని రెండు దినాలు చూసిండు. అతికిచ్చి చేసిన ఫొటో గూడ పక్కనే ఉంది. ఒకటి సాఫుగ ఉంది. రెండోదాంట్ల సగం మొఖం లేదు. అయిన మామ దగ్గరికి ఎవరొచ్చిన ఈ రెండోదాన్నే చూసేటోళ్లు. మొదలు ఉలిక్కిపడి, అవుతలికి చూసి, మళ్ల చూసేటోళ్లు. మామ అది గమనించిండు.

"అల్లుడా," అన్నడు, "ఆ పిల్ల ఏమన్నది? చూసుకుంట చూసుకుంట ఉంటె కనవడ్డడు అన్నది. మనుషులను గట్ల చూడనీకి ఎవరికి మొఖం చెల్లుతది? నువ్వైన, నేనైన ఆయన ఎదురైతె నేల చూసుకుంట పోతం. ఫొటోనైతె ఎంతసేపన్న చూడొచ్చు. షోకేసుల పెడ్దమా?"

నాకు ఇష్టం లేకుండె. గిరాకి పోతది అన్న. ఆయనకు నామోషీ అయితది అన్న. మామ ఆయననే పిలిచి అడిగిండు. ఆయన చానసేపు ఆలోచన చేసి, "పెట్టు సేట్," అన్నడు. "అందరికి చూడాల్ననే ఉంటది. చూడలేక పోతరు. చూసుకోనియ్యి."

పెద్ద సైజు చేసి, ఫ్రేము కట్టి, షోకేసు నడుమ పెట్టినం. మొదటి దినం గుంపు కట్టిండ్రు. పక్క మిఠాయి దుకాణమాయన వచ్చి, "ఏం పని సేట్ ఇది? పొద్దున పొద్దున గిది చూస్తె నా జిలేబి ఎవరు కొంటరు?" అని లొల్లి చేసిండు. కడుపుతోని ఉన్న ఆడోళ్లు ఈ తొవ్వ పోతరు, తీసెయ్యమని ఒక ముసలామె చెప్పి పోయింది. మామ ఎవరికీ ఎదురు మాట్లాడలేదు. ఫొటోను మాత్రం తియ్యలేదు.

పిల్లలు బడికి పోయేటప్పుడు, వచ్చేటప్పుడు అద్దానికి ముక్కులు ఆనిచ్చి చూసేటోళ్లు. నేను లోపల టచింగ్ బల్ల కాడ కూసొని వినెటోన్ని. మొదట్ల, "అమ్మో, గా కన్ను చూడు," అనేటోళ్లు. కొన్ని దినాలకు, "ఆమె ఆయన బిడ్డనట. టీచరవుతదట," అన్నరు. ఇంక కొన్ని దినాలకు, "ఆయన చెయ్యి చూడు, బిడ్డ కొంగు పట్టుకున్నడు," అన్నడొక పిల్లగాడు. నేను లేచిపోయి చూసిన. నిజమే. కుర్చీ పక్కకు ఆయన చెయ్యి బిడ్డ ఓణి కొసను పట్టుకొని ఉంది. నెగటివ్‌ను అంతసేపు ముందట పెట్టుకున్న నేనే అది చూడలేదు.

మిఠాయి దుకాణమాయన గిరాకి ఏం పోలేదు. షోకేసు చూడొచ్చినోళ్లు అక్కడనే జిలేబి తిన్నరు. ఆయన గూడ వచ్చి చూసెటోడు, చేతులు ఎనక కట్టుకొని. ఒకనాడు నాతోని, "ఆయన భార్య మస్తు దమ్మున్న మనిషి లెక్క కనవడ్తుంది," అన్నడు.

చలికాలం వచ్చెటాల్లకు, ఆయన తువ్వాలను మెడల వేసుకొని బజారుకు వచ్చుడు మొదలుపెట్టిండు. ఒక్కసారే గాదు. మొదలు మా దుకాణం దాక మొఖం కప్పుకొని వచ్చి, మా అరుగు మీద ఇప్పి కూసునేటోడు. ఆ ఎన్క ఒక ఆదివారం మిఠాయి దుకాణం దాక ఇప్పిన మొఖంతోనే పోయిండు. ఉలిక్కిపడేటోళ్లు ఉలిక్కిపడుతనే ఉండిరి. పక్క పల్లెల నుంచి కొత్తగ వచ్చినోళ్లైతె నోరు తెరిసేటోళ్లు. గప్పుడు మా బజారోళ్లే, "ఏందట్ల చూస్తవ్? మన దవాఖాన తోట ఆయననే," అని గదిమేటోళ్లు. ఎలుగు అనే పేరు ఎప్పుడు పోయిందో నాకు గుర్తు లేదు.

ఆ అమ్మాయి ట్రైనింగు అయిపోయి నర్సాపూర్ దిక్కు ఒక పల్లె బడిల టీచరుగ పోయింది. తల్లి ముందే ఆమె దగ్గరికి చేరింది. తండ్రి ఇంకొన్నాళ్లు ఆగి, చెట్లను ఇంకొకరికి అప్పజెప్పి, వాళ్ల దగ్గరికి ప్రయాణమైండు. పోయే దినం పొద్దున మా దుకాండ్లకు వచ్చిండు. చేతుల బట్టల మూట, ఒక సంచి. మనిషి మస్తు ఉషారుగ ఉన్నడు.

"ఏందే, బిడ్డ కాడికి పోతున్నవని గింత ఖుషీనా?" అన్నడు మామ.

"అది ఉంటనే ఉంటది. అది గాదు సేట్. ఇయ్యాల మార్కెట్ల కూరగాయలామె నన్ను తిట్టింది."

"తిట్టిందా? ఎందుకు?"

"వంకాయలు ఏరుకుంటున్న. పుచ్చులు ఉంటయని ఒక్కొక్కటి ఒత్తి చూస్తున్న. ఊకుంటదా? 'ఏమయ్యా, వంకాయలు కొంటున్నవా, పిల్లనిస్తున్నవా? అన్ని నలిపి పెడితె నేనెవరికి అమ్మాలె? పెద్దమనిషివి, సోయి లేదా నీకు? తీస్కుంటె తీస్కో, లేకుంటె నడువ్!' అని అందరు వినేటట్టు లొల్లి చేసింది."

ఆమె గొంతుతోని, ఆమె చెయ్యి తిప్పినట్టె తిప్పుకుంట చెప్పిండు. "గిన్నేండ్లల్ల నన్ను ఎవ్వరు తిట్టలేదు సేట్. దుకాండ్లకు పోతె అడిగిందానికంటె జర ఎక్కువనే తూచి, జల్ది సంచిల పోసి, పో అన్నట్టు చూసేటోళ్లు. ఆమె నా మొఖం దిక్కే చూసుకుంట తిట్టింది. నేను గూడ తిట్టిన. నీ వంకాయలన్ని పుచ్చులే అన్న."

"మరి తీస్కున్నవా?"

"తీస్కున్న. బేరం చేసే తీస్కున్న."

మామ చాయ్ తెప్పిచ్చిండు. ఆయన సాసర్ల పోసుకొని, తల ఒక పక్కకు వంచి, కారకుండ మెల్లగ తాగిండు. మా ముందట ఆయన చాయ్ తాగుడు మాకు అప్పటికి కొత్త గాదు. ముగ్గురం వంకాయల ధర గురించి, వానల గురించి, కొత్తగ పడ్డ నర్సాపూర్ బస్సు గురించి మాట్లాడుకున్నం. టైమైందని లేచి, మామ రెండు చేతులు పట్టుకొని, నా బుజం తట్టి, మూట బుజానికి ఎత్తుకొని బయలెల్లిండు.

ఆయన మలుపు తిరిగినంక చూస్తె వంకాయల సంచి అరుగు మీదనే ఉంది. నేను దాన్ని పట్టుకొని బస్టాండు దాక ఉరికిన.